దిగులుకీ రోగానికీ ఇంగ్లీషు పెట్టిన పేర్లు: మూలం పట్టుకుని చదవడం ఎలా?

స్కానింగు రిపోర్టులోనో, ఇంగ్లీషు నవలలోనో చదువుతూ ఉండగా ఒక మాట అడ్డం పడుతుంది. హైపోకాండ్రియం, డిస్పెప్సియా, మెలాంకలీ, సాటర్నైన్. నిఘంటువు తీసి అర్థం చూస్తారు, మూసేస్తారు, వారం తిరగకుండానే మరిచిపోతారు. ఇలాంటి మాటలను బట్టీ పట్టడం దండగమారి పని. రోగాల పేర్లూ, దిగులు పేర్లూ ఊరికే పుట్టలేదు. ఆ బాధకు కారణం ఏమిటని పేరు పెట్టినవాళ్లు నమ్మారో, ఆ నమ్మకాన్ని పేరులోనే దాచిపెట్టారు. చాలాసార్లు ఆ నమ్మకం తప్పని తర్వాత తేలింది, పేరు మాత్రం మారలేదు. అందుకని అర్థం కంఠస్థం చేసే ముందు ఆ పాత నమ్మకాన్ని వెతికి పట్టుకోండి. అది దొరికిందంటే అర్థం మరిచిపోదామన్నా మరపు రాదు.

తెలుగు చదువుకున్నవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటు ఉంది. వైద్యంలో వాడే ఇంగ్లీషు మాటల్లో ఎక్కువ భాగం గ్రీకు, లాటిన్ భాషల నుంచి వచ్చినవే. ఆ రెండింటికీ సంస్కృతం తోబుట్టువు. తెలుగులో కలిసిపోయిన సంస్కృత పదాలు మనకు బడిలోనే అలవాటయ్యాయి కాబట్టి, గ్రీకు ముక్కలు చాలావరకు ఎక్కడో విన్నట్టే ఉంటాయి.

నిఘంటువులో అందరూ వదిలేసే వరుస

మొదట మాట పుట్టుకను చెప్పే నిఘంటువు ఒకటి దగ్గర పెట్టుకోండి. ఆక్స్‌ఫర్డ్, మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువుల్లో అర్థాలతో పాటు వ్యుత్పత్తి కూడా ఇస్తారు. తెలుగు, సంస్కృత పదాల కోసం ఆంధ్రభారతి వెబ్‌సైటులో పాత నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.

వ్యుత్పత్తి వరుసలో ముందుగా మాట ఏ భాష నుంచి ఏ భాషలోకి దిగిందో ఆ దారి చూడండి. పక్కన ఇచ్చిన సంవత్సరం మాట పుట్టిన తేదీ కాదు, రాతలో మొదటిసారి కనిపించిన కాలం. ఏదైనా రూపం ముందు నక్షత్రం గుర్తు ఉంటే, అది ఏ గ్రంథంలోనూ దొరికిన మాట కాదని, పండితులు భాషలను పోల్చి ఊహించి కట్టిన రూపమని తెలుసుకోండి. 'బహుశా' అని ఉన్నచోట మీరూ 'బహుశా' అనే రాసుకోండి. వాట్సాప్‌లో తిరిగే వ్యుత్పత్తులకు ఆ ఒక్క మాటే గిట్టదు.

అలవాటు కోసం డిసీజ్‌తో మొదలుపెట్టండి. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది. చివరి సగం 'ఈజ్', అంటే సుఖం, వీలు. ముందున్న ముక్క ఆ సుఖాన్ని పోగొడుతుంది. 14వ శతాబ్దపు ఇంగ్లీషులో డిసీజ్ అంటే ఇబ్బంది, అసౌకర్యం అని కూడా అర్థం. తర్వాత తర్వాత రోగం ఒక్కటే మిగిలింది. "ఒంట్లో బాగా లేదు" అన్నప్పుడు మనమూ రోగం పేరు ఎత్తం కదా, సుఖంగా లేదని మాత్రమే చెబుతాం. ఇక పెయిన్ అనే మాటకు మూలం లాటిన్ 'పోయెనా'. దాని అర్థం శిక్ష. జరిమానాకు ఇంగ్లీషులో వాడే పెనాల్టీ కూడా ఆ ఇంటిదే. నొప్పి వచ్చినప్పుడు "ఏ జన్మలో చేసిన పాపమో" అనుకునేవాళ్లకు ఈ సంబంధం విడమరిచి చెప్పనక్కరలేదు.

ముక్కలు విడదీయండి, స్పెల్లింగు మీద కన్నేసి ఉంచండి

పెద్ద మాట చూసి జడవకండి. తల, మొండెం, తోక వేరుచేయండి. తలల్లో ముఖ్యమైనవి నాలుగు. గ్రీకు 'అ', 'అన్' మన అ, అన్ లాగే లేమిని చెబుతాయి. అనీమియా అంటే రక్తం లేకపోవడం. 'హైపర్' మన ఉపరికి చుట్టం, పైన అని అర్థం. 'హైపో' మన ఉపకు చుట్టం, కింద అని అర్థం. 'డిస్' మన దుస్, అంటే దుర్గతి, దుస్థితి వంటి మాటల్లో ముందు నిలిచే ముక్క.

ఈ నాలుగోదాన్ని కొంచెం దగ్గరగా చూడండి. డిసెంట్రీలో 'డి-వై-ఎస్' తీసేస్తే మిగిలేది గ్రీకు 'ఎంటెరాన్', పేగు. జీవశాస్త్రం పుస్తకంలో చదివిన ఆంత్రం దానికి బంధువే. దుస్ పక్కన ఆంత్రం పెడితే డిసెంట్రీ: పేగు చెడడం. డిస్పెప్సియాలో రెండో సగానికి వండడం, అరగడం అని అర్థం. మన పచనం, పాకం అదే మూలం నుంచి వచ్చాయి. కడుపులో వంట చెడితే డిస్పెప్సియా. అయితే డిసీజ్, డిసాస్టర్‌ల ముందున్నది 'డి-ఐ-ఎస్'. అది లాటిన్ నుంచి వచ్చిన వేరే ముక్క. చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి, కంటికి వేరుగా కనిపిస్తాయి. అందుకే స్పెల్లింగు చూడకుండా వ్యుత్పత్తి చెప్పవద్దు. డిస్మల్ సంగతి మరీ తమాషా, దాని దగ్గరకు తర్వాత వద్దాం.

తోకల్లో అందరికీ తెలిసింది 'ఐటిస్'. ఆర్థ్రైటిస్, హెపటైటిస్, అపెండిసైటిస్. గ్రీకులో దీనికి వాపు అనే అర్థం లేదు. 'దానికి సంబంధించినది' అని చెప్పే స్త్రీలింగ విశేషణ ప్రత్యయం అది. రోగం అనే గ్రీకు మాట 'నోసోస్' స్త్రీలింగం కాబట్టి 'ఆర్థ్రైటిస్ నోసోస్' అంటే కీళ్లకు సంబంధించిన రోగం. వాడుకలో నోసోస్ రాలిపోయి విశేషణం ఒక్కటే నిలబడింది. ఆధునిక వైద్యం దాన్ని మంటతో కూడిన వాపుకు కేటాయించింది. 'ఆల్జియా' అంటే నొప్పి. నరాల నొప్పి న్యూరాల్జియా, కండరాల నొప్పి మయాల్జియా.

'రియా' అనే తోక కారడాన్ని చెబుతుంది. డయేరియా అంటే లోపలినుంచి కారిపోవడం. స్రవించడం, స్రావం అనే మాటలకు ఇది దగ్గరి చుట్టం. మాట మొదట్లో 'స్ర' వస్తే గ్రీకు అందులోని సకారాన్ని పోగొట్టుకుంది, అంతే తేడా. రుమాటిజంలో ఉన్నదీ అదే ధాతువు. కాని మలేరియాలో ఈ 'రియా' లేదు. అక్కడ కత్తెర ఎక్కడ వేయాలో తెలియాలంటే ఆ పేరు ఎందుకు పెట్టారో తెలియాలి.

నింద ఎవరి మీద వేశారు?

ముక్కలు చేతికి వచ్చాక అసలు ప్రశ్న వేయండి: పేరు పెట్టినవాళ్లు దేన్ని తప్పుపట్టారు? ఈ ఒక్క ప్రశ్నతో సగం మాటలు వాటంతట అవే వరుసలో నిలబడతాయి.

అన్నిటికన్నా ఎక్కువ నింద మోసినవి ఒంట్లోని ద్రవాలు. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పొక్రటీస్ సంప్రదాయంలో, తర్వాత రెండో శతాబ్దపు వైద్యుడు గేలెన్ బోధనలో శరీరాన్ని నాలుగు ద్రవాలు నడిపిస్తాయని నమ్మేవారు: రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం. వాటి పాళ్లు కుదిరితే ఆరోగ్యం, తప్పితే రోగం. ఆ సిద్ధాంతం పోయి చాలా కాలమైంది. మనుషుల స్వభావాలకు ఇంగ్లీషు వాడే మాటలు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి. రక్తం ఎక్కువైనవాడు సాంగ్విన్, ఆశావాది. శ్లేష్మం ఎక్కువైనవాడు ఫ్లెగ్మాటిక్, ఎవరేమన్నా చలించని మందగమనుడు. పసుపు పిత్తం ఎక్కువైతే కొలెరిక్, ముక్కుమీద కోపం. నల్ల పిత్తం ఎక్కువైతే మెలాంకలీ, తీరని దిగులు.

మెలాంకలీని ఇప్పుడు విప్పండి. 'మెలాస్' అంటే నలుపు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌లో ఉన్నది అదే, మన మలినం దాని చుట్టమే. 'ఖోలె' అంటే పిత్తం. దాని పసుపుపచ్చ రంగును చెప్పే మూలధాతువు నుంచే ఇంగ్లీషులో యెల్లో, గోల్డ్, సంస్కృతంలో హరి, హిరణ్యం వచ్చాయి. అంటే కోలెస్టెరాల్ పేరులో మొదట ఉన్నదీ, దిగులు పేరులో చివర ఉన్నదీ ఒకే పిత్తం. అసలు నల్ల పిత్తం అనే ద్రవమే శరీరంలో లేదు. లేని ద్రవం పేరుతో రెండు వేల ఏళ్లుగా జనం దిగులుపడుతున్నారు.

ఇది వింతగా అనిపిస్తే మన పైత్యాన్ని గుర్తు తెచ్చుకోండి. ఆయుర్వేదానికి దోషాలు మూడు: వాతం, పిత్తం, కఫం. పిత్తం నుంచి వచ్చిన పైత్యం మొదట ఒంటిది, తర్వాత బుర్రది అయింది. "వాడికి పైత్యం ముదిరింది" అన్నప్పుడు ఎవరూ కాలేయ పరీక్ష చేయించమని సలహా ఇవ్వరు.

కలరా పేరూ పిత్తం ఇంటిదే. గ్రీకు వైద్యులు వాంతులు, విరేచనాలతో వచ్చే జబ్బుకు ఆ పేరు వాడారు. 1817లో బెంగాల్ నుంచి బయలుదేరి దేశాలకు దేశాలను ఊడ్చిన మహమ్మారికి యూరప్ వైద్యులు ఈ పాత పేరే తగిలించారు. దానికి కారణం సూక్ష్మజీవి, పిత్తానికి ఏ పాపమూ తెలియదు. గౌట్ అనే కీళ్లజబ్బు పేరుకు లాటిన్‌లో చుక్క అని అర్థం. చెడు ద్రవం చుక్కచుక్కగా కీళ్లలోకి దిగుతుందని నమ్మారు.

ద్రవాల తర్వాత నింద ఆకాశం మీద పడింది. ఇన్‌ఫ్లుయెంజా ఇటాలియన్ మాట, ఇన్‌ఫ్లుయెన్స్‌కు జంట: నక్షత్రాల ప్రభావం మనుషుల్లోకి ప్రవహించడం. 1743లో ఇటలీ నుంచి వ్యాపించిన జ్వరంతో పాటు పేరు కూడా ఇంగ్లీషులోకి వచ్చింది, తర్వాత అందరి నోటా ఫ్లూ అయింది. డిసాస్టర్‌లో ఉన్నది 'ఆస్ట్రో', చెడు నక్షత్రం. లూనటిక్‌లో ఉన్నది 'లూనా', చంద్రుడు. అమావాస్యకూ పున్నమికీ పిచ్చి ఎక్కువవుతుందనే నమ్మకం మన ఊళ్లలోనూ ఉన్నదే. ఈ మాట మన చట్టంలోకి కూడా ఎక్కింది. 1912 నాటి ఇండియన్ లూనసీ యాక్టు స్థానంలో 1987 నాటి మెంటల్ హెల్త్ యాక్టు వచ్చేదాకా చంద్రుడు కోర్టు కాగితాల్లో ఉన్నాడు.

సాటర్నైన్ అనే మాట మనవాళ్లకు అందరికన్నా సులువుగా పట్టుబడాలి. సాటర్న్, అంటే శని గ్రహం నీడన పుట్టినవాడు ముభావంగా, బరువుగా, నవ్వు లేకుండా ఉంటాడని యూరప్ జ్యోతిష్కులు చెప్పారు. జోవ్, అంటే గురు గ్రహం కింద పుట్టినవాడు జోవియల్, సరదామనిషి. మన శనైశ్చరుడు అనే పేరుకు మెల్లగా నడిచేవాడని అర్థం. రెండు చోట్లా నెమ్మదిగా కదిలే ఆ గ్రహానికే దిగులు అప్పగించారు. రసవాదులు సీసం అనే లోహానికి కూడా శని పేరే పెట్టారు, అందుకే సీసం విషప్రభావాన్ని సాటర్నిజం అంటారు.

ఇక డిస్మల్. ఇందులో డి-వై-ఎస్ లేదు, డి-ఐ-ఎస్ కూడా లేదు. మొదటి ముక్క లాటిన్ 'డియెస్', అంటే దినాలు; రెండోది 'మలి', అంటే చెడ్డవి. మధ్యయుగపు యూరప్ క్యాలెండర్లలో నెలకు రెండు చొప్పున ఏడాదికి 24 దినాలను అశుభమని గుర్తుపెట్టేవారు. ఆ రోజుల్లో ప్రయాణం, రక్తం తీయించుకోవడం వంటివి మానుకునేవారు. పంచాంగంలో వర్జ్యం, దుర్ముహూర్తం చూసి గడప దాటేవాళ్లకు అది అర్థమయ్యే సంగతే. అందులో దినం ఇప్పటికే ఉందన్న సంగతి మరిచిపోయిన ఇంగ్లీషువాళ్లు 'డిస్మల్ డేస్' అనడం మొదలుపెట్టారు, మనం 'నడి సెంటర్' అన్నట్టు. అలా నామవాచకం విశేషణమైపోయి, ముసురు పట్టిన సాయంత్రానికీ, మార్కులు తక్కువొచ్చిన పరీక్షకూ వాడే మాటగా మిగిలింది.

గాలిని తప్పుపట్టిన పేరు మలేరియా. ఇటాలియన్‌లో 'మాల ఆరియా' అంటే చెడు గాలి. కత్తెర 'మాల' తర్వాత వేయాలి. బురదనేలల నుంచి లేచే దుర్గంధమే జ్వరం తెస్తుందని నమ్మారు. బురద దగ్గర జ్వరాలు నిజంగానే ఎక్కువ, కాబట్టి గమనించడంలో పొరపాటు లేదు, కారణం చెప్పడంలోనే ఉంది. ఆ కారణం తప్పని తేలింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమను కోసి, సూక్ష్మదర్శిని కింద దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పేరున్న భవనం ఇప్పటికీ ఉంది. అయినా జ్వరం పేరులో దోమ లేదు, గాలే ఉంది.

మిగిలిన నింద అవయవాల మీద పడింది. హైపోకాండ్రియా అంటే లేని రోగం ఉందని బెంగపడడం. మాటను కోస్తే 'హైపో' కింద, 'ఖోండ్రోస్' మృదులాస్థి. పక్కటెముకల మృదులాస్థి కింద ఉండే భాగం అన్నమాట. కాలేయం, ప్లీహం ఉండే చోటు అది. దిగులు అక్కడే పుడుతుందని నమ్మారు. డాక్టర్లు నేటికీ కడుపులో ఆ భాగాన్ని హైపోకాండ్రియం అనే అంటారు. రిపోర్టులో 'కుడి హైపోకాండ్రియం'లో నొప్పి అని రాస్తే మీకు అనుమానపు జబ్బు ఉందని డాక్టరు ఎత్తిపొడుస్తున్నట్టు కాదు, కుడి పక్కటెముకల కింద నొప్పి అని మాత్రమే. ఇంటర్ చదివినవాళ్లకు మైటోకాండ్రియా గుర్తుండే ఉంటుంది. 'ఖోండ్రోస్'కు గింజ, రవ్వ అనే అర్థం కూడా ఉంది.

హిస్టీరియాలో నింద గర్భాశయానిది, గ్రీకులో 'హిస్టెరా'. ఆడవాళ్ల బాధ ఏదైనా సరే దాని ఖాతాలో వేశారు. ఇక్కడ పాత నమ్మకం కేవలం పొరపాటు కాదు, అన్యాయం కూడా. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980 నాటి తన రోగాల పట్టిక నుంచి ఆ పేరు తీసేసింది. ఎవరి కోపాన్నయినా వర్ణించడానికి ఈ మాట తీసే ముందు మీరూ ఒకసారి ఆగండి.

చుట్టమా, పోలికా?

ఇంతవరకు చుట్టాలను చూపించాను. అయితే చెవికి దగ్గరగా వినిపించినవన్నీ చుట్టాలు కావు, దూరంగా ఉన్నవన్నీ పరాయివీ కావు. తేల్చుకోవడానికి రెండు మూడు ధ్వని సూత్రాలు చాలు. గ్రీకు, లాటిన్‌లలో 'ఎ', 'ఒ' ఉన్నచోట సంస్కృతంలో తరచుగా 'అ' ఉంటుంది: లాటిన్ సెప్టెమ్, సంస్కృతం సప్త. గ్రీకులో మాట మొదట్లో ఉన్న 'హ' చాలాసార్లు సంస్కృతంలో 'స': హెప్టా, సప్త. లాటిన్‌లో రెండు అచ్చుల మధ్య చిక్కిన సకారం రేఫంగా, అంటే 'ర'గా మారింది.

ఆ చివరి సూత్రంతో వైరస్‌ను చూడండి. లాటిన్‌లో దాని అర్థం విషం, మాట కూడా మన విషమే. ఇంగ్లీషు స్ప్లీన్, మన ప్లీహం ఒకే మాటకు రెండు రూపాలు. పాత వైద్య పుస్తకాల్లో టీబీకి ఉన్న పేరు థైసిస్. స్పెల్లింగులో ముందున్న పి-హెచ్-టి-హెచ్ చూస్తే నోరు తిరగదు. కాని ఆ హల్లుల గుంపు మన 'క్ష'కు సాటి వస్తుంది. థైసిస్, క్షయ ఒకే ధాతువు నుంచి వచ్చాయి, అర్థమూ ఒకటే: తరిగిపోవడం. హెపటైటిస్‌లోని 'హెపార్', మన యకృత్తు కూడా చుట్టాలే. ముఖం చూస్తే పోలిక అందదు, నిఘంటువు చూపిస్తేనే నమ్మాలి. దుఃఖానికి వాడే గ్రీఫ్ లాటిన్ 'గ్రావిస్' నుంచి వచ్చింది. బరువైనది అని అర్థం, మన గురుత్వంలోని గురు దాని బంధువు. నాసియా అంటే వికారం, అసలు అర్థం ఓడ ఎక్కితే వచ్చే వికారం. దానిలో ఉన్నది మన నౌక.

ఇప్పుడు మోసపోయే చోట్లు. డయాబెటిస్ మెలిటస్‌లో మెలిటస్ అంటే తేనెలా తియ్యనిది. మధుమేహంలోనూ తేనే ఉంది. అర్థం ఒకటే అయినా 'మెల్' వేరు, 'మధు' వేరు. మధుకు ఇంగ్లీషులో అసలు చుట్టం తేనెతో కాచే మద్యం, మీడ్. సారో, సారీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి కాని, సారీ పుట్టింది పుండు, నొప్పి అనే అర్థమున్న 'సోర్' నుంచి. సారో వేరే వంశం. మార్బిడ్ లాటిన్‌లో రోగం అనే మాట నుంచి వస్తే, మరోస్ నడవడి అనే మాట నుంచి వచ్చింది: మొండి నడవడి, చిర్రుబుర్రులు.

మరో హెచ్చరిక. ఈ చుట్టరికాలన్నీ సంస్కృతం నుంచి తెలుగు తెచ్చుకున్న మాటలకే వర్తిస్తాయి. నొప్పి, దిగులు, బెంగ వంటి తెలుగు మాటలకు గ్రీకులో చుట్టాలను వెతకడం వృథా. తెలుగు ద్రావిడ భాష అని, సంస్కృతం నుంచి పుట్టలేదని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లో మద్రాసులో నిరూపించాడు. గ్రీకు మాటలు సంస్కృతం నుంచి వెళ్లాయనడం కూడా అంతే తప్పు. అవి ఒక తల్లి పిల్లలు.

అర్థం నడిచిన దారి

పుట్టుక తెలిశాక మాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో గీత గీయండి. సాడ్ అంటే పాత ఇంగ్లీషులో కడుపు నిండినవాడు. నిండి నిండి వెగటు పుట్టింది, వెగటు నుంచి అలసట, అలసట నుంచి విచారం. సాటిస్‌ఫై దానికి దూరపు చుట్టం అంటే చాలామంది నమ్మరు. గ్లూమ్ మొదట చీకటి కాదు, ముడుచుకున్న ముఖం. ముఖం నుంచి అది ఆకాశానికి ఎక్కింది. డిప్రెషన్ కిందికి అణచడం, డిస్పెయిర్ ఆశ ఉడగడం. వీటిలో పెద్ద మలుపులు లేవు. ఇల్‌నెస్ ఒకప్పుడు దుర్మార్గం. షేక్‌స్పియర్ నాటకంలో లేడీ మాక్‌బెత్ తన భర్తకు ఆశ ఉంది గాని దానికి తోడుగా ఉండవలసిన ఇల్‌నెస్ లేదని వాపోతుంది. ఆయనకు జ్వరం రాలేదని కాదు ఆవిడ బాధ.

ఒంటి నుంచి మనసుకు వెళ్లిన కుటుంబం ఒకటి ఉంది. ఆంగ్జైటీ, యాంగ్విష్, యాంజైనా మూడూ గొంతు నులమడం, ఇరుకున బిగించడం అనే మూలం నుంచి వచ్చాయి. యాంజైనా గుండెను పట్టి నొక్కే నొప్పి, ఆంగ్జైటీ అదే పట్టు మనసులో. కావ్యాల్లో పాపానికి వాడే అంహస్సు అనే సంస్కృత పదం కూడా ఈ ఇరుకులోదే. ఆందోళనలో ఊపిరాడనట్టు ఉంటుందని ఎప్పుడైనా అనుకుని ఉంటే, మీరు వ్యుత్పత్తి చెప్పినట్టే.

నాస్టాల్జియా ఎదురు దారిలో నడిచింది, రోగంగా పుట్టి ముచ్చటగా మారింది. దీనికి పుట్టిన సంవత్సరం కూడా తెలుసు: 1688. బాసెల్ నగరంలో యోహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం రెండు గ్రీకు మాటలు అతికించాడు. 'నోస్టోస్' ఇంటికి మరలడం, 'ఆల్గోస్' నొప్పి. మయాల్జియా తోకే ఇక్కడా ఉంది. ఇంటికి దూరమైన స్విస్ సిపాయిలు చిక్కి శల్యమై మంచం పట్టడం ఆ కాలపు వైద్యులను కలవరపెట్టింది. ఇంటికి పంపడమే మందన్నారు. నేటి ఇంగ్లీషులో నాస్టాల్జియా అంటే పాత పాటలు విని నిట్టూర్చడం. తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ రెండు కాలాలను కలపవద్దు. హోఫర్ చెప్పిన రోగానికి బెంగ అచ్చంగా సరిపోతుంది. హాస్టల్లో చేర్చిన పిల్లవాడు బెంగ పెట్టుకుని జ్వరం తెచ్చుకోవడం మనకు కొత్త కాదు. ఇప్పటి అర్థానికి మాత్రం బెంగ మరీ ఎక్కువ. అక్కడ గతం మీద మమకారం అనో, పాత జ్ఞాపకాల తలపోత అనో రాయండి.

పద్ధతి పనిచేయని చోట

కొన్ని పేర్లకు గ్రీకు కత్తెర పట్టదు. చికున్‌గున్యాను మన దగ్గర చికెన్‌గున్యా అని పలికి కోడిమీద అనుమానపడ్డవాళ్లున్నారు. ఆ మాట తూర్పు ఆఫ్రికాలోని మాకొండె భాషది, ఒళ్లు వంకర తిరగడం దాని అర్థం. 1952లో ఇప్పటి టాంజానియా ప్రాంతంలో ఆ జ్వరం బయటపడింది, కీళ్ల నొప్పితో వంగిపోయిన రోగిని చూసి పెట్టిన పేరు అది. ఎబోలా కాంగోలో ఒక నది, జికా ఉగాండాలో ఒక అడవి. ఊళ్లకూ నదులకూ రోగం మచ్చ అంటుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో కొత్త రోగాలకు స్థలాల, మనుషుల, జంతువుల పేర్లు పెట్టవద్దని సూచించింది. అందుకే 2020లో వచ్చిన పేరు కోవిడ్-19 అనే పొడి అక్షరాల కూర్పు. ఇలాంటి మాట కనిపిస్తే ధాతువు కోసం తవ్వకండి, ఎక్కడ, ఎప్పుడు పెట్టారో చూడండి.

ఇక సొంతంగా ఒకటి విప్పి చూడండి. టెటనస్. గ్రీకులో 'టెయినైన్' అంటే సాగదీయడం, బిగించడం. ఎకారం తీసి అకారం పెడితే 'తన్' అనే సంస్కృత ధాతువు దొరుకుతుంది. తంతువు, వితానం, సంతానం దాని నుంచి వచ్చినవే. కండరాలు బిగదీసుకుపోవడం చూసి గ్రీకులు పేరు పెట్టారు. వెన్ను విల్లులా వంగడం చూసి, నింద వాతం మీద వేసి మనవాళ్లు ధనుర్వాతం అన్నారు. తర్వాత ఎపిలెప్సీ, అంటే మూర్ఛరోగం పేరు తీయండి. దాని మూలంలో ఉన్న క్రియకు పట్టుకోవడం అని అర్థం. "గాలి పట్టింది" అనే మన మాటను పక్కన పెట్టుకుని, గ్రీకులు ఏది పట్టుకుందని అనుకున్నారో నిఘంటువులో వెతకండి.